రత్నావతి అత్త నల్లంచు పలక

మా రత్నావతి అత్త గోళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. కిరసనాయిలు పెట్టి రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా ఆ నలుపు పోదు. పెళ్లిళ్లలో పెళ్లికూతురికి నలుగు పెట్టే వేళకి ఎవరో ఒక పెద్దావిడ అత్త చేతుల వంక చూసి, "నువ్వు కూకో రత్నం, మేం పెడతాం" అంటుంది. అత్త కూర్చోదు. గిన్నె తనవైపు లాక్కుని పెళ్లికూతురి చెంపలకి దిట్టంగా పట్టిస్తుంది.

"ఈ సేత్తోనే మీ మావగారి కార్డుకి అంచు ఏసినాను. ఆయన నన్ను ఇప్పటిదాకా ఒక్క మాటా అన్నేదు. నీకేటి నొప్పి?" అంటుంది.

పెద్దావిడ పక్కకి జరిగి చోటిస్తుంది.

అత్త చేసేది చావు కార్డుల పని, అంటే ఎవరైనా పోతే అయినవాళ్లకి పంచే నల్లంచు కార్డులు. తాతల నాడు రబ్బరు తోటల పనికి సముద్రం దాటొచ్చిన తెలుగువాళ్లం ఉండే సుంగై పెటానిలో, పాత బస్టాండు వెనక వరసలో, టైర్ల షాపుకీ బిరియానీ కొట్టుకీ మధ్య వాళ్ల ప్రెస్సు. ముందు గదిలో గోపాలసామి మావయ్య శుభలేఖలు, గుడి క్యాలెండర్లు, బిల్లు పుస్తకాలు అచ్చువేస్తాడు. వెనక గది అత్తది. శుభలేఖ వెనక గదిలోకి పోకూడదు, చావు కార్డు ముందు గదిలోకి రాకూడదు. పసుపు గిన్నె ఒక బల్ల మీద, సిరా డబ్బా ఇంకో బల్ల మీద. రెండింటికీ మధ్య ఉన్న తలుపు దగ్గర ఒక కుర్చీ ఉంది. పెనాంగ్‌లో చదువు మధ్య సెలవు దొరికినప్పుడల్లా నేను ఆ కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఎవరైనా పలకరిస్తే పేజీ తిప్పుతాను. ఎవరూ గట్టిగా పట్టించుకోరు కాబట్టి అన్నీ వినబడతాయి.

నల్లంచు పలక అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రెండు జానల పొడుగు రబ్బరు చెట్టు చెక్క, దాని ఒక చివర వాలుగా కోసిన దిమ్మ. కార్డుల కట్టని ఆ దిమ్మకి ఆనించి నొక్కితే కట్ట మొత్తం దానితోపాటే వాలుతుంది. ఒక్కో కార్డు కింద నుంచి ఇంకో కార్డు అంచు బియ్యపుగింజ మందాన బయటికొస్తుంది, మేడ మెట్లలాగా. మీద ఇత్తడి పట్టీ వేసి మరలు బిగిస్తారు. అప్పుడు సిరా పూసిన రోలరుని పై మెట్టు నుంచి కింది మెట్టుకి ఒక్క ఊపున లాగాలి. కింద నుంచి పైకి ఎదురు లాగితే సిరా కార్డుల కిందికి దూరి అంతా అలికేస్తుంది. ఒక వైపు ఆరాక ఇంకో వైపు, అలా నాలుగు వైపులా. మధ్యలో తాడు మీద, బట్టలకి పెట్టే క్లిప్పులతో ఆరబెడతారు.

కంప్యూటరులో నల్ల గీత వేసి అచ్చుకొట్టడం క్షణం పని. మావయ్య ఆ మాట ఏటా అంటాడు. కానీ అలా చేస్తే కోసిన చోట అట్ట మందం తెల్లగా కనబడుతుంది. మా చుట్టుపక్కల ముసలివాళ్లు కార్డు అంచు మీద బొటనవేలు రాసి చూస్తారు. తెల్లగా ఉంటే, "ఇదేటి, కంపెనీ నోటీసా?" అని పక్కన పడేస్తారు. అంచు నల్లగా ఉంటేనే అది చావు.

ఆ కార్డుని చేతికివ్వడం కూడా ఉండదు. గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోతారు. ఇంటివాళ్లు బయటే నిలబడి చదివి, చించి, కాళ్లు కడుక్కుని లోపలికి పోతారు. చించారంటే ఇక ఆ మనిషి ఆ ఇంటికి లేనట్టే. పేరు కూడా 'పోయిన' అన్న మాట ముందు పెట్టకుండా పలకరు.

పలక చేసింది అత్తకి మామగారు, అంటే మావయ్య తండ్రి. రబ్బరు తోటలో వడ్రంగిగా ఉండి, తర్వాత టౌనుకొచ్చి ప్రెస్సు పెట్టాడాయన. ఆడవాళ్లు పలకని ముట్టుకుంటే ఇంటికి కీడని ఆయన నమ్మకం. అత్త కాపురానికొచ్చిన కొత్తలో పొరపాటున దాని మీద టీ గ్లాసు పెడితే గ్లాసు తీసి వీధిలో విసిరేశాడట. ఆయన పోయినప్పుడు ఆయన కార్డులకి అంచు వెయ్యడానికి మావయ్య కూర్చున్నాడు. ఏడుపొకవైపు, చెమటొకవైపు. రోలరు ఎదురు లాగేశాడు. కట్టకి కట్ట పాడయింది. అత్త బాలింత. బిడ్డని పక్కింటావిడ చేతికిచ్చి వచ్చి, మొగుణ్ణి భుజంతో పక్కకి నెట్టింది.

"ముట్టుకోవద్దన్న ముసలాయనకే మొదటి అంచు ఏసినాను. ఎంత నున్నగా ఒచ్చినాదో! సూసుంటే ఆయనే మెచ్చుకుందుడు," అని ఇప్పటికీ చెబుతుంది.

మామగారి దగ్గర నుంచి అత్త మార్చకుండా తీసుకున్నది ఒక్కటే, ఒక ప్రశ్న. కార్డు కోసం ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్న అడుగుతుంది. "ఎవులు నీళ్ళు పోసినారు?"

శవానికి స్నానం చేయించినదెవరు అని. పోసినవాళ్లే రావాలి, లేదా పోసినవాళ్ల పేరు చెప్పాలి. అప్పటిదాకా సిరా డబ్బా మూత తియ్యదు. ఈ పద్ధతి వెనక ఒక సంగతి ఉంది. ఒకప్పుడు తోటలో రబ్బరు పాలు గీసే మనిషి ఒకడు ఆసుపత్రిలో పోయాడని ఎవరో ఫోను చేస్తే, పెద్దాయన ఆ మాట మీదే కార్డులు చేసిచ్చేశాడు. గుమ్మాల ముందు పెట్టేశారు, అందరూ చించేశారు. ఆ వారంలోనే ఆ మనిషి సంచీ పట్టుకుని బస్సు దిగాడు. పోయింది పక్క మంచం వాడు. కానీ కార్డు చించిన ఇళ్లలో ఒక్కరూ అతన్ని లోపలికి రమ్మనలేదు. టీ కొట్టులో అతని పక్క స్టూలు ఖాళీగా ఉండేది. పిల్లలు అతని నీడ తొక్కడానికి భయపడ్డారు. చివరికి అతను కెలాంగ్ వైపు వెళ్లిపోయాడు. అక్కడ తనని ఎరిగినవాళ్లు లేరని.

ఆ ప్రశ్న అత్త చేతికొచ్చాక ఇంకా పదునెక్కింది. విజయరాణి అని ఒక నర్సు ఉండేది, పెళ్లి చేసుకోలేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆమె పోతే ఊళ్లో తెలుగు సంగం మగవాళ్లు, కొడుకు లేని మనిషికి కార్డేమిటి, కింద ఎవరి పేరు వేస్తారు అన్నారు. "నీళ్ళు నాను పోసినాను. పేరు నాదే ఏసుకుంటాను," అంది అత్త. వేసుకుంది కూడా. కర్మ చేయించువారు రత్నావతి అని అచ్చయిన ఆ కార్డు చూసి కొందరు గుమ్మం దగ్గర చించడమా మానడమా తెలియక చాలాసేపు నిలబడ్డారని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

ఇక నేను చెప్పదలుచుకున్న సంగతి పోయిన సంవత్సరం జరిగింది.

ఒక శనివారం మధ్యాహ్నం సూరిబాబుగారు వెనక గదిలోకి వచ్చాడు. ఊళ్లో తెలుగు సంగానికి ఆయనే పెద్ద. సంగం క్యాలెండర్లు, రసీదులు, పెళ్లిళ్ల శుభలేఖలు అన్నీ ఆయన మాట మీదే మావయ్య ప్రెస్సుకి వస్తాయి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని బాటిక్ చొక్కా. ఆ రోజు మొహం కూడా అలాగే బిగిసి ఉంది.

"సెల్లీ, బేగి కావాలి. రేపు పొద్దునికి," అని కార్డు రాత ఉన్న ఫోను చాపాడు.

అత్త కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"ఏ శాంతాదేవి?"

"మా శాంతే."

"మీ శాంతా! నిన్న పాసార్‌లో సేపలోడితో తగువాడతా కనిపించినాది. కెంబుంగ్ సేప కళ్లు సూసి పాతదన్నాది. నాతో మాటాడినాది లా! ఎప్పుడు పోనాది?"

సూరిబాబుగారు గోడ వంక చూశాడు. "మాకు పోనాది."

శాంతాదేవి ఆయన సొంత చెల్లెలు. చిన్నతనంలోనే మొగుడు మోటారు సైకిలు ప్రమాదంలో పోతే అన్న ఇంటికి వచ్చేసింది. పగలు గ్లౌజుల ఫ్యాక్టరీలో ప్యాకింగు, పొద్దునా సాయంత్రం అన్న ఇంట్లో వంట, మంచానికి దగ్గరైన తల్లి కూర్మమ్మ సేవ. జుట్టు నెరిసేదాకా అలాగే గడిచింది. ఫ్యాక్టరీ బస్సు నడిపే ఫ్రాన్సిస్ అనే తెలుగాయన, భార్య పోయినవాడు, రోజూ ఆమె ఎక్కేదాకా బస్సు కదపకుండా ఆగేవాడు. ఆ ఆగడం ఎక్కడికి దారితీసిందో అందరికంటే ఆలస్యంగా తెలిసింది సూరిబాబుగారికే. ఆ నెల మొదట్లో ఇద్దరూ రిజిస్ట్రారు దగ్గర సంతకాలు పెట్టారు.

అత్త ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఎవులు నీళ్ళు పోసినారు?"

"సెల్లీ, ఎగతాళి సెయ్యకు."

"అందర్నీ అడిగేదే నిన్నూ అడిగినాను. ఎవులు పోసినారు?"

"ఈ వయసులో పెళ్లేటి? అదీ సర్చీకి ఎల్లేవోడితో! సంగంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నా సెల్లి సచ్చిపోనాదని నాను సెప్తన్నాను. నా సెల్లి, నా ఇష్టం."

"సెల్లి నీదే అన్నా. దాని సావు నీది కాదు."

నేను పుస్తకంలో ఇంకాస్త తల దూర్చాను. ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. మావయ్య తలుపు దగ్గరికి వచ్చి, "రత్నం, అన్నగారు పెద్దోరు. ఆయనింటి సంగతి ఆయనకి తెల్దా? ఏసిచ్చేస్తే పోద్ది," అన్నాడు.

"నువ్వు ఎల్లి క్యాలెండరు సూసుకో. పోయినేడు దీపావళి మంగళారం పడేసినావు."

సూరిబాబుగారు గొంతు తగ్గించాడు. "మన సంగం పనంతా ఈ ప్రెస్సుకే ఇస్తన్నాను. మర్సిపోకు."

"మర్సిపోనేదు. నీళ్ళు పోసి రా. అంచు ఏస్తాను."

ఆయన వెళ్లిపోయాడు. వెళుతూ ముందు గదిలో మావయ్యతో చాలాసేపు ఏదో మాట్లాడాడు. ఆ గొంతులు గుసగుసగా ఉన్నాయి కాబట్టి నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వాన పడి వెలిసింది. నేనూ అత్తా కూరలకి వెళ్లి తిరిగి వచ్చేసరికి వెనక గది తాడు నిండా కార్డులు వేలాడుతున్నాయి. మావయ్య పలక ముందు కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద సిరా, చెవి మీద సిరా, కొత్త చొక్కా జేబు మీద కూడా.

అత్త సంచీ కింద పెట్టి ఒక కార్డు తీసి చూసింది. నలుపు అంచు దాటి లోపలికి పాకి, 'పరమపదించినందున' అన్న మాట సగం మింగేసింది.

"ఎదురు లాగినావు," అంది.

మావయ్య జేబు మీది మరకని వేలితో రుద్దుకున్నాడు.

"మీ నాయన కార్డులకీ ఎదురే లాగినావు. ఇన్నేళ్ళలో సూసి ఏటి నేర్సుకున్నావు?"

"సంగం పని పోతే మిషను అమ్ముకోవాలి రత్నం. ఈ వయసులో నాను బిరియానీ కొట్టులో బల్లలు తుడవాలా? ఆయన ఇయ్యాల ఇంటికాడ మనుషుల్ని కూడా పిలిసినాడు, కార్డులు పంచడానికి. నాను ఏటి సెయ్యను?" సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి, "అప్పా! ఉన్నావా?" అని కేక వినబడింది.

శాంతాదేవి. గళ్ల చీర, చేతిలో గొడుగు. అత్తని అక్క వరసలో 'అప్పా' అంటుంది, ఆ చనువుతో వెనక గదికి నేరుగా వచ్చేస్తుంది. మావయ్య తాడుకి అడ్డంగా లేచి నిలబడ్డాడు గానీ ఆయన అంత వెడల్పు మనిషి కాదు.

"వొచ్చే ఆదివారం బోజనం పెడతన్నాం అప్పా. మనోళ్లకీ, ఫ్రాన్సిస్ సర్చీ వోళ్లకీ. సిన్న కార్డులు సాలు. పసుపు మటుకు నువ్వే పెట్టాల..."

ఆమె మాట అక్కడ ఆగిపోయింది. తాడు మీద నుంచి ఒక కార్డు తీసుకుంది. క్లిప్పు కింద పడి దొర్లింది. పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. బొటనవేలు అంచు మీద రాసుకుని, వేలు చూసుకుంది.

"అలికేసినారు కూడా," అంది చివరికి. "సచ్చినా సరిగ్గా సావనివ్వరేటప్పా?"

నవ్వబోయి నవ్వలేకపోయింది. గొడుగు మీద భారం వేసి నా కుర్చీ అంచున కూర్చుంది. నేను పక్కకి తప్పుకున్నాను.

"శుక్రవారం శుక్రవారం అమ్మకి తలకి పోసి, దువ్వి వొత్తన్నాను. నా మొహం సూడకుండా మా వొదిన తలుపు తీస్తంది, తియ్యనీ. లోపలికి పోనిస్తంది. ఈ కార్డు గుమ్మం కాడ పడిందంటే..." ఆమె ఆగింది. "సచ్చిపోనోళ్ళని గడప దాటనివ్వరు. అమ్మకి ఎవరు సెప్తారు? నాను రావట్నేదని మటుకు తెలుస్తాది."

"శాంతమ్మా, సించేద్దాం," అన్నాడు మావయ్య. సిగ్గుతో అన్నాడు. అప్పటికే ఒకటి చించేశాడు కూడా.

"సించితే జార్జ్ టౌన్ ఎల్లి ఇంకోటి సేయించుకొస్తాడు మా అన్న. ఆడి సంగతి నాకు తెల్దా?"

అత్త అప్పటిదాకా మాట్లాడకుండా పలక తుడుస్తోంది. మావయ్య సిరాని పొడిగుడ్డతో ఒక్కో మర నుంచీ తీసింది. తర్వాత పలకని కూరల బుట్టలో పెట్టింది. రోలరు పెట్టింది. సిరా డబ్బా మూత బిగించి అదీ పెట్టింది.

"నీళ్ళు పోసినాక అంచు ఏస్తానని మాటిచ్చినాను. మాట తప్పకూడదు గదా," అంది. "పద. పోస్తాడేటో సూద్దాం."

శాంతాదేవి ఆమె మొహంలోకి చూసింది. అర్థమయ్యాక మెల్లిగా లేచి, కొంగు నడుములో దోపుకుంది.

ఫ్రాన్సిస్ బయట ఫ్యాక్టరీ బస్సులోనే ఉన్నాడు. సంగతి విని, "నాను కూడా ఆ ఇంట్లోకి రానా?" అన్నాడు.

"ఒద్దు. ఇంజను మటుకు ఆపకు," అంది అత్త. ఆ ఖాళీ బస్సులో ముందు సీటులో బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుంది. మావయ్య ఇంకా అంచు వెయ్యని కార్డుల కట్టతో చివరి సీటులో కూర్చున్నాడు. తనని ఎవరూ రమ్మనలేదు, తనే ఎక్కాడు.

సూరిబాబుగారిది ఒకే వరసలో గోడలు కలిసి ఉండే ఇళ్లలో ఒకటి. ముందు గేటు, లోపల పోర్చి, పోర్చిలో కారు, కారు వెనక వీధి తలుపు. తలుపుకి లోపలి వైపున చక్రాల కుర్చీలో కూర్మమ్మ కూర్చుని ఉంది. పగలంతా ఆమెని అక్కడే కూర్చోబెడతారు, వీధి కనబడుతుందని. కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కార్డులు పంచడానికి వచ్చిన బంధువులు టీ తాగుతున్నారు.

అత్త గేటు తీసుకుని లోపలికి నడిచింది. వెనక శాంతాదేవి.

"వొచ్చినావా సెల్లీ," అన్నాడు సూరిబాబుగారు, చెల్లెల్ని చూడనట్టే. "కార్డులేవి?"

"తెచ్చినాను. పలక కూడా తెచ్చినాను. ఒక్క పని ఉండిపోనాది. కారు తియ్యన్నా."

టీ గ్లాసులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మా ఇళ్లలో ఎవరైనా పోతే పోర్చిలోంచి కారు బయటికి తీసి అక్కడే స్నానం చేయిస్తారు. కారు తియ్యమన్నారంటే దేనికో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఏటీ ఏసాలు?" అన్నాడు సూరిబాబుగారు.

"ఏసాలు కాదు. ఇన్నేళ్ళుగా నీళ్ళు పొయ్యకుండా నాను ఒక్క అంచు ఏసి ఎరగను. నీ సెల్లి సచ్చిపోనాదని నువ్వు సెప్తన్నావు. ఇదిగో తెచ్చినాను. పొయ్యి. పోస్తే ఇక్కడే కూకుని ఏసిచ్చేస్తాను, బాగా ఏస్తాను, మా ఆయన్లాగ అలకను."

శాంతాదేవి తనే ఒక స్టూలు లాక్కుని కుళాయి పక్కన కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. జుట్టు ముడి విప్పేసింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది.

"పొయ్యన్నా," అంది. "సిన్నప్పుడు తోటలో గొట్టం కాడ నువ్వే పోసీవోడివి. ఇయ్యాల సిగ్గేటి?"

సూరిబాబుగారి మెడ ఎర్రబడింది. బంధువుల్లో వసంతన్ అనే కుర్రాడు, ఆయన మేనల్లుడి వరస, నవ్వు బిగబట్టుకుని, "పోసేయ్ మావా. మాటవరసకి ఒక సెంబుడు. పనైపోద్ది లా," అన్నాడు. ఇంకో పెద్దాయన, "సూరీ, ఇది బాగుండదురా" అన్నాడు. ఏది బాగుండదో చెప్పలేదు. అందరూ సూరిబాబుగారి వంకే చూస్తున్నారు. పొయ్యకపోతే చెల్లెలు బతికి ఉందని ఒప్పుకున్నట్టు. పోస్తే బతికున్న చెల్లెలికి అందరి ముందూ శవస్నానం చేయించినట్టు.

ఆయన ఒక్క విసురున కుళాయి తిప్పాడు. ప్లాస్టిక్ మగ్గు నిండింది. చెల్లెలి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. చెయ్యి పైకి లేచింది, అక్కడే ఆగింది. అత్త బుట్టలోంచి పలక తీసి కారు బానెట్ మీద పెట్టి, సిరా డబ్బా మూత మీద గోరు ఆనించింది. మూత తియ్యలేదు.

"ఆగినావేటి?" అంది శాంతాదేవి, తల వంచుకునే.

ఆయన పోశాడు.

నీళ్లు తల మీద నుంచి మెడలోకి, వీపులోకి జారాయి. వాన పడిన పొద్దు, ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నాయి కాబోలు. ఆమె భుజాలు ముడుచుకుంది. ఊపిరి బిగబట్టింది. ఆపుకుందామని ముక్కు నొక్కుకుంది కూడా, నేను చూశాను. ఆపుకోలేక గట్టిగా తుమ్మింది. పోర్చి అంతా మోగింది.

తలుపు లోపల నుంచి, కునికిపాట్లు పడుతున్న కూర్మమ్మ కళ్లు తెరవకుండానే, పిల్లలు తుమ్మినప్పుడు తల్లులు అనే మాటే అనేసింది.

"నూరేళ్ళు, నూరేళ్ళు."

శాంతాదేవి మళ్లీ తుమ్మింది.

"నూరేళ్ళు," అంది కూర్మమ్మ మళ్లీ. ఈసారి కళ్లు తెరిచింది. తడిసి ముద్దయిన కూతుర్నీ, మగ్గు పట్టుకున్న కొడుకునీ చూసింది. "ఓరి సూరీ! పొద్దున్నే ఆడగుంటకి సన్నీళ్ళు పోస్తావేట్రా? బుద్ది నేదా? తువ్వాలియ్యి దానికి."

ముందు వసంతనే నవ్వాడు. నవ్వి నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆ నవ్వు పక్కవాళ్లకి అంటుకుంది. ఇది బాగుండదన్న పెద్దాయన కండువాతో మూతి తుడుచుకుంటున్నట్టు నటించాడు. సూరిబాబుగారు కదల్లేదు. మగ్గులో మిగిలిన నీళ్లు ఆయన పాదాల మీద కారుతున్నాయి.

"సూరీ! సెప్తంటే ఇనబడదేటి? తువ్వాలు!"

సంగంలో అందరినీ నిలబెట్టి మాట్లాడే మనిషి మగ్గు కింద పెట్టి లోపలికి వెళ్లాడు. తువ్వాలు తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, చెల్లెలి భుజం మీద పడేశాడు. శాంతాదేవి లేచింది. తల తుడుచుకుంటూనే గడప దాటి లోపలికి వెళ్లింది. నేల మీద తడి పాదాల గుర్తులు వరసగా పడ్డాయి. ఆమె వదిన చీపురుతో నిలబడి ఉంది. దారి ఇచ్చింది. శాంతాదేవి తల్లి కుర్చీ పక్కన కింద కూర్చుని, "అమ్మా, దువ్వెనేది?" అని అడిగింది.

కుర్చీల్లోంచి ఒక్కొక్కరే లేచారు. ఎవరికో ఎక్కడికో వెళ్లాలని గుర్తొచ్చింది. కార్డుల కట్ట ఎవరూ అడగలేదు. మావయ్య దాన్ని చంకలో పెట్టుకుని గేటు బయట నిలబడి ఉన్నాడు.

అత్త పలకని గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకుంది. "సచ్చిపోనోళ్ళకి తుమ్ము రాదన్నా. నాను అంచు ఎయ్యలేను. ఏటి సెయ్యమంటావు!"

సూరిబాబుగారికి అప్పుడు గొంతు వచ్చింది. వేలు చూపించి, వీధి అంతా వినబడేలా అన్నాడు. "పెద్ద గొప్పనుకుంటన్నావు! ఇయ్యాల్టితో సరి. సంగం పని రాదు. ఇంక మా ఇంటి పని ఒక్కటి కూడా నీ కాడికి రాదు. సూసుకో!"

అత్త గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. బుట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"రాకపోతే సంతోషమే గదన్నా. మీ ఇంట్లో అందరూ బతికుండండి."

సంగం పని ఆ నెల నుంచే నిజంగా ఆగిపోయింది. పని మళ్లీ ఇమ్మని అత్త ఆయనకి కబురు పెట్టలేదు.